ఎరుపుకి ఎరుపు

పంటు ఆగిపోయిన సంగతి సుప్రియకి అందరికంటే ఆఖర్న తెలిసింది. ఇంజను చప్పుడు పోయాక కూడా కాసేపు అది చెవుల్లో తిరుగుతూనే ఉంది. మోటారు సైకిళ్ళ మీద కూర్చున్నవాళ్ళు దిగడం, కొబ్బరికాయల బస్తాల మీద చేరిన ఆడవాళ్ళు లేచి నీళ్ళలోకి తొంగి చూడడం, ఎవరిదో చిన్నపిల్ల "అమ్మా, మునిగిపోతామా?" అని అడగడం ఒకదాని వెనక ఒకటి ఆమె బుర్రకి చేరాయి. నరసాపురం రేవు వెనక ఎంత దూరమో సఖినేటిపల్లి రేవు ముందు అంతే దూరం. రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టిన ఆ పంటు సరిగ్గా నడి గోదావరిలో ఇసుక మేట ఎక్కి కూర్చుంది. నడిపే బుల్లబ్బాయి గెడ దింపి లోతు చూసి పెదవి విరిచాడు. "పాటు మీదుందండి నీరు. పోటొచ్చి ఎత్తేదాకా ఇది లెగదండి. ఓ గంట పట్టుద్ది. ఎవరూ కంగారు పడకండి," అన్నాడు. అని, తన వంతుగా ఏ కంగారూ పడకుండా బీడీ వెలిగించుకున్నాడు.

గంట అన్న మాట సుప్రియకే తగిలింది. దాటడానికి పట్టే ఆ కాస్త సేపట్లో ఎలాగూ చెప్పలేననీ, అవతల వ్యాన్ ఎక్కాక అశోక్ ముందు అసలే చెప్పలేననీ, అంతర్వేదిలో సముద్రం దగ్గర ఇలాంటి మాటకి చోటే ఉండదనీ పొద్దున్నించీ తనకి తను నచ్చజెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఏ వంకా లేకుండా గోదావరే అడ్డంగా కూర్చోబెట్టింది. పక్కన చెక్క బల్ల మీద రత్నమాణిక్యంగారు. పంటు ఎక్కేటప్పుడు ఆసరాకని పట్టుకున్న సుప్రియ చెయ్యి ఆవిడ ఇంకా వదల్లేదు. ఎదురుగా ఆవిడ మరిది కొడుకు అశోక్, ఒళ్ళో మట్టిముంత, దాని మూతికి తెల్లగుడ్డ వాసెన. ఆ ముంతలో ఆవిడ భర్త, ఉదయభాస్కర్ సార్. పిల్లల్లేరు కాబట్టి అశోకే కొరివి పెట్టాడు, అశోకే కలపడానికి తీసుకెళుతున్నాడు. మైలలో ఆడమనిషి, అందులోనూ ఆవిడ, గడప దాటడమేమిటని మొగల్తూరులో ఇంటిల్లిపాదీ నోరు నొక్కుకున్నారు. "ముప్పయ్యేళ్ళు ఆయన ఎక్కడికెళ్తే అక్కడికెళ్ళాను, ఈ ఒక్క చోటుకీ ఎందుకు మానాలి?" అని రత్నమాణిక్యంగారు వ్యాన్ ఎక్కేశారు. ఇవాళ తొమ్మిదో రోజు. ఆవిడ నుదుటి మీద బొట్టు ఇంకా ఉంది. రేపటితో ఉండదు.

చెప్పాల్సిన మాట చిన్నదే. సార్ లెక్క తప్పు కాదు. నాలుగు నెలలు మంచం మీద ఏ తప్పుకి కుమిలి కుమిలి పోయారో ఆ తప్పు ఆయన చెయ్యలేదు. ఇంతవరకే అయితే సుప్రియ మొదటి రోజే ఆవిడ కాళ్ళ మీద పడి చెప్పేసి ఉండేది. కానీ ఆ మాటకి తోక ఉంది. తప్పు కాకపోతే మరి ఏమైందమ్మా అని అడుగుతారు. ఏమైందో చెబితే ఈ చెయ్యి, తన చేతి మీద వెచ్చగా ఉన్న ఈ చెయ్యి, మళ్ళీ ఈ జన్మలో ఏ దేవుడికీ బొట్టు పెట్టదు.

నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో. మేట మీద జానెడు లోతులో ఇసుక గీతలు గీతలుగా కనిపిస్తోంది. పారే నీటికి ఒక దారి కావాలి, వెనక నుంచి తోపు కావాలి, అనేవారు సార్. మొట్టమొదటి రోజు, తను కొత్తగా పరిశోధనకి చేరినప్పుడు, రాజమండ్రి అవతల కాలేజీ వెనక రేకుల షెడ్డులో నిలబెట్టి పాఠం చెప్పారు. "గాలిని ఎలా తోస్తావు సుప్రియా? ఊదుతావు. ఇంకా జోరుగా? వేడి చేసి, అదిమిపెట్టి, సన్న మూతిలోంచి వదులుతావు. అప్పుడది చప్పుడు కంటే జోరుగా పోతుంది. ఇంకా కావాలి, ఆకాశం నుంచి దిగే రాకెట్టు ముక్కుకి తగిలేంత జోరు కావాలి. ఏం చేస్తావు? ఇంకా వేడి చేస్తావు. మూతే కరిగి కూర్చుంటుంది. అందుకని ముట్టుకోకుండా తోయాలి." ముట్టుకోకుండా తోయడం. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం పసిపిల్లాడి ముఖంలా అయిపోయేది. మంటంత వేడెక్కిన గాలిలో చిటికెడు పొటాషియం ఉప్పు పడితే అది రాగితీగలాగా కరెంటుని మోస్తుంది. అలా మోసే గాలిని రెండు అయస్కాంతాల మధ్య నుంచి పోనిచ్చి, అడ్డంగా కరెంటు పెడితే, కనిపించని చెయ్యేదో వీపు మీద వేసి తోసినట్టు ముందుకు దూకుతుంది. ఇదంతా జరిగేది కనురెప్ప వాల్చి ఎత్తేలోపు. ఆ రెప్పపాటు కోసం ఆయన ఉద్యోగం చేసిన కాలమంతా ఖర్చు పెట్టారు.

ఎడమచెయ్యి చాపేవారు. చూపుడువేలు అయస్కాంతం, మధ్యవేలు కరెంటు, బొటనవేలు తోపు. మూడు వేళ్ళూ మూడు దిక్కులకి విడదీసి, ఎవరు కనిపిస్తే వాళ్ళకి, క్యాంటీన్లో వడ్డించే మనిషికి కూడా చూపించేవారు. రత్నమాణిక్యంగారు కూర తరుగుతూ "ఏంటండీ ఆ చెయ్యి, ఎవరికి దిష్టి తీస్తున్నారు?" అని ఏడిపించేవారు. చూపుడువేలు ఒక్కటీ తిప్పితే బొటనవేలు వెనక్కి తిరుగుతుంది, చూశావా సుప్రియా, అప్పుడిది తోపు కాదు, బ్రేకు. ఒట్టి బ్రేకు. అదే మిషను, అదే కరెంటు, అదే గాలి. చెయ్యి మాత్రం వీపు మీద కాకుండా గుండె మీద వేసి తోస్తుంది. ఆయనే చెప్పారు. ఆయన నోటితోనే చెప్పారు. ఆ షెడ్డులో ఆ సంగతి తెలియనివాళ్ళు ఎవరూ లేరు, అదీ విచిత్రం.

"ఎండ తగుల్తోంది, ఇటు జరుగు తల్లీ," అన్నారు రత్నమాణిక్యంగారు. తన పమిట చెంగు తీసి సుప్రియ తల మీద కప్పబోయారు. వద్దండీ అంటే వినలేదు. ఉప్పాడ చీర, పాతది, అంచు దగ్గర దారం లేచింది. షెడ్డులో పూజ రోజు కట్టుకున్నదీ ఇదే. కావాలని కట్టుకున్నారా? అలా ఏం కాదు, చేతికందింది కట్టుకుని ఉంటారు, తొమ్మిది రోజుల్నించీ ఈవిడ ఏం కట్టుకుంటోందో ఎవరు చూశారు. అయినా ఆ చీర వాసనకి, కర్పూరం కాదు, గంధం కాదు, పెట్టెలో ఉండి ఉండి పట్టిన కలరా ఉండల వాసనకి, సుప్రియ కళ్ళ ముందు ఆ దసరా వచ్చి నిలబడింది.

దసరాకి పనిముట్లకి సెలవు. దుక్కి నాగళ్ళకీ, రైసుమిల్లు మోటార్లకీ, ఆటోలకీ, కుట్టుమిషన్లకీ అన్నిటికీ. ఆ రోజు వాటిని కడిగి, బొట్లు పెట్టి, పూలేసి, దణ్ణం పెట్టి ఊరుకోవాలే తప్ప పని చేయించకూడదు. సార్‌కి దేవుడి మీద పెద్ద పట్టింపు లేదు కానీ మొగల్తూరు రైతు కొడుకు, వాళ్ళ నాన్న దసరాకి నీళ్ళ ఇంజను పట్టాలు విప్పేసి పక్కన పెట్టేవారట, అందుకని ఆయన కూడా అయస్కాంతానికి ఉన్న లావుపాటి వైర్లు విప్పించి చుట్ట చుట్టి పక్కన పెట్టించారు. దక్షిణాన ఎక్కడో మూతపడ్డ ప్రాజెక్టు నుంచి లారీ మీద వచ్చిన అయస్కాంతం అది, ఏనుగు పిల్లంత ఉండేది. దానికి కరెంటు ఇవ్వడానికి లారీ బ్యాటరీలు వరసగా పేర్చారు. వైర్లు బిగించడానికి రాగి కొమ్ములు రెండు, చెవుల్లాగా బయటికి పొడుచుకుని ఉండేవి. ఒకదాని మీద ఎర్ర రంగు, అది ప్లస్సు, ఎర్ర వైరుకి. రెండోదాని మీద ఏమీ లేదు, నల్ల వైరు బిగించేది కాబట్టి దాన్ని నలుపు అనేవారు.

రత్నమాణిక్యంగారు బుట్టలో పసుపూ కుంకం, చామంతిపూలూ, కొబ్బరికాయలూ పెట్టుకుని వచ్చారు. సార్ నవ్వుతూ "మా ఏనుక్కి ముందు పెట్టు" అన్నారు. ఆవిడ ఆ అయస్కాంతం చుట్టూ తిరిగి చూశారు, పెళ్ళికూతుర్ని చూసినట్టు. నాలుగు మూలలా కుంకం పెట్టారు. రాగి కొమ్ముల దగ్గరకొచ్చి ఆగారు. "ఒక చెవికి బొట్టుంది, రెండో చెవికి లేదేంటి?" అనుకున్నారు, పైకే అనుకున్నారు, సుప్రియ విన్నది. కుంకం అంటిస్తే నున్నటి రాగి మీద నిలబడక రాలిపోయింది. "ఉండండి," అని చేతిసంచీలోంచి తన తిలకం సీసా తీశారు. మూతకున్న పుల్లతో ఎర్రటి తిలకం ఇంత బొట్టు, గుండ్రంగా, ఓపిగ్గా, దిద్దారు. ఊదారు. ఆరిందో లేదో వేలితో చూశారు. తిలకం ఆరితే గోటితో గీకినా రాదు. సుప్రియ అప్పుడు కొబ్బరికాయ పీచు తీస్తోంది. చూసింది, నవ్వుకుంది. అందరూ నవ్వారు. ఎంత చక్కగా ఉందో, రెండు చెవులకీ రెండు ఎర్ర బొట్లు.

రెండూ అలా ఎర్రగానే ఉండిపోతే ఎవరికైనా అనుమానం వచ్చేది. దేవుడు అంత మంచివాడు కాదు. వట్టి అయస్కాంతాన్ని అంతకు ముందు ఎన్నో సార్లు పరీక్ష చేశారు, ఆ వేడికి ప్లస్సు కొమ్ము మీద ఎర్ర రంగు అప్పటికే కాస్త కమిలింది. పూజయిన మర్నాడు కొమ్ముల చుట్టూ పేరుకున్న జిడ్డు పోవాలని, బొట్టు చెరక్కుండా కిరసనాయిలు గుడ్డతో తుడిచారు, ఆ నూనె మసి పాత రంగుకి పట్టింది. తిలకం మాత్రం కొత్త పెళ్ళికూతురి నుదుటి మీదలా నిగనిగలాడుతూ ఉంది. మూడో నాడు సాయంత్రం వైర్లు బిగించబోతుంటే కరెంటు పోయింది. పొద్దున్నే ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. వైర్లు సార్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు, అది ఆ షెడ్డు నియమం. సుప్రియ టార్చి పట్టుకుంది. సార్ మోకాళ్ళ మీద కూర్చుని స్పానర్ తిప్పుతూ, ప్రతిసారీ జపంలాగా అనుకునే మాటే మళ్ళీ అనుకున్నారు. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. టార్చి వెలుగులో ఒకటి నల్లగా ఉంది, ఒకటి ఎర్రగా ఉంది. సుప్రియ కూడా చూసింది. ఆమెకీ అలాగే కనిపించింది. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు.

నీటి మీద ఎండ కళ్ళలో గుచ్చుతోంది. ఒక కొబ్బరికాయ తేలుతూ వచ్చి పంటు పక్కన ఆగింది, ముందుకీ పోదు, వెనక్కీ పోదు. సుప్రియ దాన్నే చూస్తూ కూర్చుంది. ఆ పొద్దున కమిటీ వాళ్ళు ముగ్గురు, టైలు కట్టుకుని, ఉక్కకి చెమటలు కక్కుతూ నిలబడ్డారు. అందులో ఒకాయన మొదటి నుంచీ సార్ మాట నమ్మని మనిషి. అయస్కాంతం పక్కన కరెంటు తిన్నగా పారదు, పక్కకి ఒరిగి గోడల వెంట జారిపోతుంది, గాలి వేడెక్కడమే గానీ జోరందుకోదు, అని ప్రతి సభలోనూ లేచి అనేవాడు. సార్ దానికి విరుగుడుగా కరెంటు పలకల్ని ముక్కలు ముక్కలుగా చేసి విడివిడిగా పేర్చారు, ఏళ్ళ తరబడి పేర్చారు. మీట నొక్కారు. తలుపులు అదిరాయి. అంతే, అయిపోయింది. గొట్టం చివర జోరు కొలిచే సూది పెరగాల్సింది పోయి పడిపోయింది. చూస్తుండగా, తెర మీద, గీత కిందికి వంగింది. పలకలు కరిగిపోయాయి, గాజు కిటికీ బీటలు వేసింది, ఇంకోసారి చేసి చూద్దామన్నా ఏమీ మిగల్లేదు. ఆ నమ్మని పెద్దమనిషి కనీసం నవ్వినా బాగుండేది. సార్ భుజం మీద చెయ్యి వేసి "ఇట్ హ్యాపెన్స్, ప్రొఫెసర్" అన్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక రైలు టైమయిందని వెళ్ళిపోయారు. వారం తిరక్కుండా ప్రాజెక్టు మూసేయమని ఉత్తరం వచ్చింది.

ఎందుకు నమ్మారు సార్, ఎందుకు అంత తొందరగా నమ్మేశారు. ఇన్నేళ్ళూ ఎవడో ఒకడు నీది తప్పు నీది తప్పు అంటూ ఉంటే, పైకి ఎంత గట్టిగా వాదించినా లోపల ఎక్కడో ఒక మూల ఆ మాట కూర్చునే ఉంటుంది కాబోలు. ఎప్పుడు పిలుస్తారా అని కాచుకుని ఉంటుంది కాబోలు. గీత కిందికి వంగగానే ఆ మాట లేచి బయటికొచ్చింది. ఆయన షెడ్డుకి తాళం వేసి తాళంచెవి సుప్రియ చేతిలో పెట్టి మొగల్తూరు వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఒక్కసారి వచ్చి, ఒక్కసారి ఆ కొమ్ముల వైపు పగటి వెలుతుర్లో చూసి ఉంటే! కామెర్లు అన్నారు, లివరు అన్నారు, ఆవిడ పత్యం వండి పెడితే రెండు ముద్దలు తిని గోడవైపు తిరిగి పడుకునేవారట. సంక్రాంతి వెళ్ళాక సుప్రియ చూడ్డానికి వెళ్ళింది. మంచం మీద ఎడమచెయ్యి పక్కకి పడి ఉంది, వేళ్ళు కొంచెం విడివడి. "వేడెక్కితే మాత్రం మరీ అంత పడకూడదే సుప్రియా," అన్నారు, నీరసంగా. "లెక్క వేసి చూస్తే అంత రావట్లేదు." అప్పుడు తనేమంది? "ఇప్పుడవన్నీ ఎందుకు సార్, రెస్ట్ తీసుకోండి" అంది. డాక్టరు చెప్పినట్టు, నర్సు చెప్పినట్టు, అందరూ చెప్పినట్టు. ఆయన ఆ ఒక్క వాక్యంలో తలుపు తీశారు. తను మెల్లగా మూసి, దుప్పటి సరిచేసి వచ్చింది.

అయస్కాంతాన్ని వేరే వాళ్ళకి ఇచ్చేస్తున్నారు, విప్పి పెట్టండి అని ఆఫీసు వాళ్ళు చెబితే పోయిన వారం స్పానర్ పట్టుకుని వెళ్ళింది. షెడ్డులో గబ్బిలాల కంపు. పై రేకు కంతలోంచి ఎండ సరిగ్గా కొమ్ముల మీద పడుతోంది. ఎర్ర వైరు విప్పింది. కింద బొట్టు. గుండ్రంగా, ఓపిగ్గా దిద్దిన బొట్టు, అంచుల్లో కొంచెం కూడా చెదరలేదు. ఇదేంటి, ప్లస్సు మీద రంగు ఉండాలి గానీ బొట్టెందుకుంది అనుకుంది. నల్ల వైరు విప్పింది. మసి. గోటితో గీకితే మసి కింద పెచ్చులు పెచ్చులుగా ఎర్ర రంగు. అక్కడే, ఆ సిమెంటు నేల మీద కూర్చుని, ఎడమచెయ్యి చాపి మూడు వేళ్ళూ విడదీసింది. చూపుడువేలు తిరిగింది. తోపు కాదు, బ్రేకు. ఆ సాయంత్రం కూర్చుని పాత లెక్కలో అయస్కాంతం గుర్తు ఒక్కటీ తిప్పి మళ్ళీ వేసింది. కమిటీ ముందు కిందికి వంగిన గీత మీద ఈ లెక్క గీత పడింది, అచ్చు గుద్దినట్టు పడింది. ఎంత పడిందో అంతే పడాలి. అంటే తిన్నగా కలిపి ఉంటే ఎంత పెరగాలని సార్ చెప్పారో అంతా పెరిగేది. అంతా నిజం. ఆ నమ్మని మనిషి అన్నది అబద్ధం. ఆనందంతో పిచ్చిదానిలా నవ్వింది, ఏడ్చింది, మర్నాడు మొదటి బస్సుకే మొగల్తూరు పరిగెత్తింది. దారి పొడుగునా ఎలా చెప్పాలో వల్లించుకుంది. సార్, లేవండి సార్, మీరు గెలిచారు. బస్సు దిగి సందు మలుపు తిరిగేసరికి ఇంటి ముందు అద్దె కుర్చీలు వేసి ఉన్నాయి. మగవాళ్ళు తువ్వాళ్ళు భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. పచ్చి వెదుళ్ళు ఎవరో కత్తితో కొడుతున్నారు. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ముందు రోజు మధ్యాహ్నమే పోయారట. ఆ మధ్యాహ్నం తను షెడ్డులో స్పానర్ తిప్పుతూ ఉంది.

"దొడ్డమ్మా, మంచినీళ్ళు తాగుతావా?" అని అశోక్ అడిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "ముంత జాగర్తరా, ఎండలో పెట్టకు," అన్నారు. అశోక్ ముంత తీసుకుని లేచి, అవతల వ్యాన్ నీడలోకి వెళ్ళి కూర్చున్నాడు. కాసేపటికి, బుల్లబ్బాయి రెండో బీడీ ముట్టించాక, ఆవిడ నీళ్ళవైపు చూస్తూనే మాట్లాడారు.

"సుప్రియమ్మా, ఆ మిషను ఉందా ఇంకా?"

"ఉందండి. షెడ్డులోనే ఉంది. వచ్చే నెల పట్టుకెళ్ళిపోతారండి."

"నేను పెట్టిన బొట్టు?"

"ఉందండి. అలాగే ఉంది."

రత్నమాణిక్యంగారి ముఖంలో ఇన్ని రోజుల తర్వాత ఒక చిన్న వెలుగు కనిపించింది. "ఉండనీ. రేపు నాకు తీసేస్తారు, దానికైనా ఉండనీ," అన్నారు. "ఆయన పనేంటో నాకెప్పుడూ అర్థం కాలేదమ్మా. అన్నం పెట్టాను, బట్టలుతికాను, ఆ వేళ్ళు చూపిస్తే వెక్కిరించాను. ఆయన పనిలో నా చెయ్యి పడింది ఆ ఒక్క బొట్టే. రాత్రుళ్ళు నిద్ర పట్టకపోతే అదే తలుచుకుంటున్నాను. అదైనా చేశాను కదా అని."

ఇంక చెప్పక్కర్లేదు, అనుకుంది సుప్రియ. ఇదుగో ఇక్కడితో అయిపోయింది. ఈవిడకి ఆ బొట్టు మిగిలింది, చాలు. సార్ పోయారు, ఆయనకి ఇప్పుడు తెలిసేదేముంది, తెలియనిదేముంది. సంగమంలో ఆ ముంత విప్పేశాక తప్పూ ఒప్పూ అన్నీ ఉప్పునీళ్ళే. అనుకుంటూ ఉండగానే ఇంకో మనసు అడ్డం తిరిగింది. ఓడిపోయిన మనిషినా ఈవిడ నీళ్ళలో కలపబోయేది? ఈవిడ మొగుడు ఓడిపోలేదు. ఆ సంగతి ఈ గోదావరి మీద ఒక్క తనకే తెలుసు.

"ఒకటడుగుతాను, నిజం చెప్తావా తల్లీ?" ఆవిడ ఇప్పుడు ఆమె వైపు తిరిగారు. చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "పోయే ముందు కూడా అదే మాట. నా లెక్క తప్పు మాణిక్యం, ఇంతమంది డబ్బు, నీ జీవితం, అన్నీ బూడిదలో పోశాను అని. నాకు చదువు లేదు, కాదని చెప్పడానికి. నువ్వు ఆయన దగ్గరే ఉన్నావు. నిజంగా ఆయన లెక్క తప్పేనా?"

"కాదండి," అనేసింది సుప్రియ. అనుకోకుండానే నోటివెంట వచ్చేసింది. "తప్పు కాదండి. ప్రతి అంకె కరెక్టేనండి. నేను మళ్ళీ మొత్తం వేసి చూశాను. సార్ ఏం చెప్పారో అదే జరగాలి."

"మరి ఎందుకు జరగలేదు?"

"అయస్కాంతం వైర్లు తిరగబడ్డాయండి. అటుది ఇటూ, ఇటుది అటూ. అందుకని తోయాల్సింది వెనక్కి లాగింది. అంతేనండి. ఇంకేం తప్పు లేదు."

ఆవిడ వ్యాన్ నీడలో ఉన్న ముంత వైపు చూశారు. నవ్వో ఏడుపో తెలియలేదు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళలోంచే, నెమ్మదిగా, తప్పనిసరిగా రావాల్సిన ప్రశ్న వచ్చింది.

"ఎవరు కలిపారమ్మా వైర్లు?"

ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. టార్చి వెలుగులో వంగిన వీపు, చెమటకి అంటుకున్న బనీను. ఆయనే కలిపారండీ అంటే, ఆయనకి ఎరుపు ఎలా పొరపాటు పడిందీ అని ఇంకో ప్రశ్న. ఎర్రగా ఉన్నది ఇంకోటి ఉందండీ అంటే, అదేంటీ అని ఇంకొకటి. మెట్టు తర్వాత మెట్టు, ఆ తిలకం సీసా దాకా. నుదుటి మీద అదే తిలకం, అదే ఎరుపు, అదే గుండ్రం, అదే ఓపిక. ఎక్కడో ఒక మెట్టు మీద ఎవరో ఒకరు అడ్డంగా నిలబడాలి. ఈ పంటు మీద తను తప్ప ఎవరున్నారు?

"నేనేనండి," అంది సుప్రియ.

"ఆయన ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదుగా?"

"ఆ సాయంత్రం కరెంటు పోయిందండి. చీకట్లో సార్‌కి సరిగ్గా ఆనలేదు. నేను బిగిస్తానన్నాను. సరిగ్గా చూసుకోలేదండి."

"చూసుకోలేదా," అన్నారు రత్నమాణిక్యంగారు. అడిగినట్టు అనలేదు. "తర్వాతైనా చూసుకోలేదా? ఆయన నాలుగు నెలలు నా కళ్ళ ముందు అలా అలా అయిపోతుంటే?"

సుప్రియ తల వంచుకుంది. ఆ ఒక్క మాట మటుకు అబద్ధం కాదు. మంచం పక్కన నిలబడి దుప్పటి సరిచేసి వచ్చింది తనే.

ఆవిడ తిడితే బాగుండు. సుప్రియ చేతి మీదున్న చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్ళింది, తల మీద కప్పిన పమిట చెంగు మెల్లగా వెనక్కి వెళ్ళింది. ఎండ మళ్ళీ నెత్తి మీదికొచ్చింది. అంత దగ్గరగా, ఒకే బల్ల మీద, భుజానికి భుజం ఆనుకుని కూర్చున్న ఇద్దరి మధ్య జానెడు చోటు ఏర్పడింది. ఆ జానెడులో పరాయితనమంతా వచ్చి కూర్చుంది. తొమ్మిది రోజుల నుంచీ, కాదు, అయిదేళ్ళ నుంచీ, సుప్రియకి ఆ కాలేజీ ఊళ్ళో తల్లిలాంటి మనిషి ఈవిడే. పండక్కి జాకెట్టు ముక్క పెట్టేది, జ్వరం వస్తే రసం కాచి పంపేది ఈవిడే. పోనీలే. ఆ బొట్టు ఉంటే చాలు.

అప్పుడు కదిలింది పంటు. ముందు ఒక చిన్న వణుకు, బల్లల కింద ఇసుక రాసుకున్న చప్పుడు. సముద్రం నుంచి పోటు ఎక్కుతోంది. నీళ్ళు కిందికి పోవడం మాని పైకి, పోలవరం కొండలవైపు, వెనక్కి నడుస్తున్నాయి. ఇందాకటి కొబ్బరికాయ కూడా వచ్చిన దారినే వెనక్కి బయల్దేరింది. బుల్లబ్బాయి గెడ పొడిచి "లెగిసిందండోయ్!" అని అరిచాడు. ఇంజను మళ్ళీ మొదలైంది. మోటారు సైకిళ్ళవాళ్ళు హుషారుగా ఎక్కి కూర్చున్నారు. ఆ చిన్నపిల్ల చప్పట్లు కొట్టింది. పంటు సఖినేటిపల్లి రేవుకి తగలబోతుండగా రత్నమాణిక్యంగారు లేచి, చీర సవరించుకుని, సుప్రియని చూడకుండా అన్నారు.

"అంతర్వేదికి నువ్వు రావద్దులే అమ్మా. ఇదే పంటు మీద వెనక్కెళ్ళిపో."

అప్పుడే ముంతతో వచ్చిన అశోక్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు, ఏం జరిగిందో వాడికి అర్థం కాలేదు. "అలాగేనండి," అంది సుప్రియ. బల్లలు వేశారు. వ్యాన్ దిగింది, బస్తాలు దిగాయి, మనుషులు దిగారు. సుప్రియ ఒక్కతే బల్ల మీద మిగిలింది. ఒళ్ళో ఎడమచెయ్యి, ఎప్పుడు విడదీసిందో మూడు వేళ్ళూ మూడు వైపులకి విడివడి ఉన్నాయి. చూసుకుని మూసేసింది.

రేవు మెట్ల మీద రత్నమాణిక్యంగారు ఆగారు. "ఇలా ఇయ్యరా, కాసేపు నేను పట్టుకుంటాను," అని అశోక్ చేతుల్లోంచి ముంత తీసుకున్నారు. బిడ్డని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించుకున్నారు. వాసెన మీదికి ముఖం వంచారు. నుదుటి మీద తిలకం ఎండకి మెరిసింది. ఇంజను చప్పుడులో కూడా ఆ మాట సుప్రియకి స్పష్టంగా వినిపించింది.

"విన్నారా అండీ? మీ లెక్క రైటేనంట. ఆ పిల్లే తప్పు చేసిందంట. మీరేం బాధపడకండి."